మేకనూలు, గొర్రెనూలు, మా వదిన వేళ్లు

మా వదిన కుడిచేతి మూడు వేళ్ల కొసలకు స్పర్శ లేదు. వేడి తెలియదు, చల్లన తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అది ప్రమాదమని ఆవిడ అందరికీ చెప్పింది. ప్రమాదం కాదు. నేనే చేశాను. చేసిన ఆ ఒక్క క్షణం కావాలనే చేశాను. మరుక్షణం నుంచి ఇవాళ్టిదాకా ఆవిడ మళ్లీ మా ఇంటికి వస్తే చాలునని బతుకుతున్నాను.

వదిన అంటే మా ఆయన అక్క. భర్త లారీ ఘాట్‌రోడ్డులో బోల్తాపడి పోయాక సాలూరులో మాతోనే ఉండేది. వాళ్ల నాయనమ్మ మిషన్ బంగళాలో దొరసాని దగ్గర రెండు పుల్లలతో స్వెట్టరు అల్లడం నేర్చుకుందట. ఆ విద్య ఆ ఇంటి ఆడవాళ్ల చేతుల మీదుగా వదిన దాకా వచ్చింది. వదిన పుల్లలు పక్కన పెట్టి చేతిమిషను కొంది. బల్లంత పొడుగున వరసగా కొక్కేల సూదులు, వాటి మీద అటూ ఇటూ తోయడానికి బరువైన ఇనప బండి. బండిని ఒకసారి తోస్తే ఒక వరస అల్లిక పడుతుంది. చలి మొదలయ్యేసరికి కొండమీది ఊళ్ల నుంచి స్వెట్టర్లకోసం జనం వచ్చేవారు. చర్చిలో క్రిస్మస్ నాటకం ఆడే పిల్లల టోపీలు కూడా మావే.

ఆవిడ వేళ్ల గురించి చెప్పాలి. నూలు పోగును బొటనవేలికీ పక్క రెండు వేళ్లకీ మధ్య పెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా నలిపేది. "ఇది ముసిలి గొర్రెదే అమ్మీ, గుచ్చుకుంటాది" అనేది. "ఇందల ప్లాస్టిక్కు కలిపీసినారు" అనేది. నేను నమ్మకుండా ఒక కొస కాల్చి చూసేదాన్ని. ప్లాస్టిక్ ఉంటే కరిగి ముద్దయి వేలికి అంటుకునేది. అచ్చమైన ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసనతో బూడిదయ్యేది. ఎన్ని అగ్గిపుల్లలు గీసినా ఆ వేళ్లు చెప్పింది తప్పని ఒక్కసారి కూడా తేలలేదు. అందుకు సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండేది.

నా కోపం పాతపట్నంలో పుట్టింది. మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు, ఇంటికొచ్చి మమ్మల్ని కొట్టేవాడు. అమ్మ గరిటె తిరగేసేది. అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు గోడకేసి కొట్టుకునేవారు. నేను అందరికన్నా చిన్నదాన్ని కాబట్టి పళ్లతో పని చేసేదాన్ని. పెద్దన్న భుజం మీద నా పంటిగాటు ఇప్పటికీ ఉంది. నోటితో చెప్పి, అవతలివాళ్లు వినేదాకా ఆగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. దెబ్బ అయితే వెంటనే అర్థమవుతుంది. ఆదివారం అందరం నూనె రాసి దువ్వుకుని, కమిలిన చోట్ల పౌడరు అద్దుకుని, ఒకే బెంచీ మీద కూర్చుని కీర్తనలు పాడేవాళ్లం. బాగా పాడేవాళ్లం కూడా.

పెళ్లయి సాలూరు వచ్చిన నెలలోనే మా ఆయన్ని అట్లకాడతో కొట్టాను. లారీ డ్రైవరు, కొండంత మనిషి. నుదురు చీరుకుపోయి రక్తం కారుతుంటే నవ్వాడు. వదిన నవ్వలేదు. పసుపు అద్ది, గుడ్డ కట్టి, నా చేతిలోని అట్లకాడ తీసుకుని కడిగి గోడకు తగిలించింది. "ఒసే, ఈ ఇంటిల కొట్టుకోవడం నేదు. నీకు సెయ్యి దురద పెడితే మిషను తొయ్యి," అంది. అలా నన్ను మిషను దగ్గర కూర్చోబెట్టింది. నిజంగానే బండి తోస్తుంటే నా కోపం కొంత దిగేది. రోజుకు ఒక స్వెట్టరు దించేదాన్ని. వదిన నూలు చూసేది, కొలతలు చెప్పేది, అల్లికలో జారిన కళ్లు, అంటే ముడులు, కొక్కెంతో ఎత్తేది. నేను ఎద్దులా తోసేదాన్ని. పదకొండేళ్లు అలాగే గడిచాయి, ఆ ఏళ్లలో ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒకసారి మా ఆయన లూధియానా నుంచి తిరిగి వస్తూ ఒక మూట తెచ్చాడు. మిల్లులో మిగిలిపోయిన నూలు చుట్టిన కోన్లు. కొన్ని బూడిదరంగువి. మంచుదేశం మేకల ఒంటిమీద పైబొచ్చు కింద పెరిగే మెత్తటి నూగును దువ్వి తీసి వడికినవట. దానికి ఏదో కాష్మియర్ అని పేరుంది గానీ మేం మేకనూలు అనేశాం. మిగతావి మీగడరంగువి, బాగా సన్నటి రకం గొర్రె ఉన్ని. వదిన బూడిదరంగు పోగును వేళ్లమధ్య పెట్టుకుని చాలాసేపు కళ్లు తెరవలేదు.

"ఓలమ్మా, ఏటిది, పసిపిల్ల బుగ్గనాగున్నాది," అంది. ఇంకా నలిపి, "గానీ దీనికి నడుం నేదే. పీచు పొట్టిది. ఒట్టిదే అల్లితే నిలబడదు. ఆ సన్న గొర్రెది జత సెయ్యాల," అంది.

"కలిపితే కల్తీ అనీస్తారు వదినా," అన్నాను.

"పాలల నీళ్లు కలపడం కాదే ఇది. గొర్రెది బలం, మేకది మెత్తన. దేని పని దానిది."

ఆ మాట నేను చెవిన వేసుకోలేదు. ఎందుకంటే అదే వారం విజయనగరంలో బట్టల దుకాణం ఉన్న ఒక షావుకారుగారి భార్య కారులో వచ్చింది. వాళ్లాయన మంచుకొండల యాత్రకు వెళుతున్నాడు. ఎక్కడ విందో, మేకనూలు మా దగ్గర ఉందని తెలిసింది. "అచ్చంగా ఇదే ఉండాలమ్మా. ఒక్క పోగు వేరేది కలిపినా మాకొద్దు," అంది. వదిన ఏదో చెప్పబోయింది. నేను అడ్డుపడి, "ఒక్క పోగు కూడా కలపమండి" అని మాట ఇచ్చేశాను. ఆవిడ వెళ్లాక వదిన నా వైపు చూసి, ఏమీ అనకుండా బియ్యం ఏరడానికి వెళ్లిపోయింది. ఆ ఏమీ అనకపోవడం నాకు చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

పంతం పట్టి ఒట్టి మేకనూలుతోనే అల్లాను. పోగు మాటిమాటికీ తెగింది. తెగినప్పుడల్లా బండిని గుద్దాను. అయిపోయాక చేతుల్లో బరువే లేదు, చెంపకు ఆనిస్తే ఉందో లేదో తెలియనంత మెత్తన. నేను గెలిచాననుకున్నాను. కొలతకు మా ఆయనకు తొడిగి ఒక పూట ఉంచాను. విప్పేసరికి మోచేతుల దగ్గర సంచులు వేలాడుతున్నాయి. అంచు సాగి తొడల దాకా వచ్చింది. చంకల కింద రాసుకున్నచోట నూగు లేచి మినపగింజలంత ఉండలు కట్టింది. లాగి వదిలితే లాగినట్టే ఉండిపోయింది, మళ్లీ దగ్గరకు రాలేదు.

అప్పుడు నేను చేసిన పనిని మా వైపు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. గుడ్డ వేలాడిపోతే మేమేం చేస్తాం? గంజి పెడతాం. చీరకు గంజి, పంచెకు గంజి, పాస్టరుగారి తెల్లచొక్కాకు గంజి, దుప్పటికి గంజి. గంజి పడితే గుడ్డ నిటారుగా నిలబడుతుందని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. వదిన ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు అన్నం వార్చి, పొగలు కక్కుతున్న గంజిలో ఆ స్వెట్టరు ముంచాను. రెండు చేతులా పిండి, మెలిపెట్టి, మళ్లీ ముంచి మళ్లీ పిండాను. గంజి బాగా ఎక్కాలని పెరట్లో బండ మీద వేసి బాదాను. బాదుతుంటే ఎంత హాయిగా ఉందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. షావుకారుగారి భార్యను బాదాను. వదిన మౌనాన్ని బాదాను. పదకొండేళ్లు అణిచిపెట్టుకున్న చెయ్యి కదా, ఆపబుద్ధి కాలేదు. తర్వాత మండుటెండలో తీగ మీద వేశాను.

సాయంత్రానికి అది పిల్లాడి చొక్కా అంత అయ్యింది. పీచులన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకుని, అల్లిక కళ్లు మూసుకుపోయి, అట్టముక్కయింది. నేల మీద పెడితే నిలబడింది. పులిసిన గంజి వాసన, తడిసిన మేక వాసన కలిసి పెరడంతా కొట్టింది. చీమలు బారులు తీరి మెడలోంచి లోపలికి పోతున్నాయి.

వదిన కూటం నుంచి వచ్చి, బైబిలు బల్లమీద పెట్టి, నేల మీద నిలబడి ఉన్న స్వెట్టరును చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. భర్త పోయాక ఆవిడ అంతలా నవ్వగా నేను చూడలేదు. గోడ పట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఓలమ్మా, మేకని సంపీసి పైన గంజి పోసినావేటే!" అంది. అందులో విషం లేదు. ఇవాళ తలుచుకుంటే నాకూ నవ్వు వస్తుంది. ఆవేళ మాత్రం చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు.

నవ్వుతూనే మిషను దగ్గర కూర్చుంది. మేకనూలుకు గొర్రెనూలు జత కట్టి, సూదులకు ఎక్కించి చిన్నముక్క మొదలుపెట్టింది. నన్ను బండి తొయ్యమంది. తోశాను. పళ్లు కొరుక్కుంటూ తోశాను. పది వరసలు పడ్డాక ముక్కను వేలితో లాగి వదిలింది. అది వెనక్కి వచ్చి తన చోట తాను కూర్చుంది.

"సూసినావా? నాను సెప్పినాను కదా. నీకు సెయ్యి ఉన్నాది గానీ ఏళ్లు నేవే," అంది.

ఆటపట్టించడానికే అంది. మరదల్ని వదిన ఎన్ని అనదు! అప్పుడే ఒక కన్ను జారింది. దాన్ని కొక్కెంతో ఎత్తడానికి కుడిచెయ్యి సూదుల వరస మీదికి చాపింది. ఆ చెయ్యి నాకు కనబడుతోంది. బండి పిడి నా రెండు చేతుల్లో ఉంది. తోశాను. ఉన్న బలమంతా పెట్టి తోశాను.

ఇనుము ఎముకకు తగిలిన చప్పుడు ముందు వచ్చింది. బండి వేళ్లను సూదుల్లోకి తొక్కింది. కొక్కేలు గోళ్ల కింది కండలో దిగాయి. వదిన అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చి చెయ్యి వెనక్కి లాక్కుంది. అదే ఎక్కువ పాడుచేసింది. కొక్కేలు చేపగాలాల్లాంటివి, దిగిన దారిన రావు. కండ చీలి వచ్చింది. ఆ ముక్క మీద రక్తం పడింది. ఉన్ని దాన్ని వెంటనే పీల్చుకోలేదు, పైనే బొట్లుగా నిలిచింది. నేను పిడి వదలకుండా ఆ బొట్లనే చూస్తూ నిలబడ్డాను. "గుడ్డేదైనా తేవే," అని ఆవిడే అనాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, "సూసుకోనేదు బాబూ, బండి జారిపోనాది," అంది. నా వైపు చూడలేదు. లారీ దిగి వచ్చిన తమ్ముడికి, అంటే మా ఆయనకు కూడా, అదే మాట చెప్పింది. కుట్లు మానాయి. వేళ్లు వంగుతున్నాయి, ముద్ద కలుపుకుంటున్నాయి. అందరూ దేవుడి దయ అన్నారు. ఒకరోజు పొయ్యి మీది గిన్నె మూత తీసి, దాన్ని పట్టుకునే నాతో పప్పులో ఉప్పు గురించి మాట్లాడుతోంది. చర్మం కాలిన వాసన నాకు వచ్చింది, ఆవిడకు తెలియలేదు. నేను కేక వేసి మూత లాగి పారేశాను. ఇద్దరం ఆ వేళ్ల వైపు చూశాం. వదిన మెల్లగా లేచి వెళ్లి మేకనూలు కోను తెచ్చుకుంది. పోగు వేళ్లమధ్య పెట్టి, కళ్లు మూసుకుని నలిపింది. చాలాసేపు నలిపింది. తర్వాత ఎడమచేతికి మార్చి చూసింది. మళ్లీ కుడిచేతికి మార్చింది.

"ఏటీ తెలడం నేదు," అని కోను కింద పెట్టేసింది. ఏడవలేదు. ఏడ్చి, నన్ను చీపురుకట్ట తిరగేసి బాది ఉంటే నాకు బాగుండేది.

మూడో నెలలో కొత్తవలసలో తన చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. అక్కడి నుంచి పెద్దాసుపత్రి దగ్గర అని చెప్పింది. మిషను నన్నే ఉంచుకోమని వదిలేసి వెళ్లింది. అంటే తిరిగి రాదని నాకు అర్థమైంది. మా ఆయనకు అర్థం కాలేదు. ఎన్నిసార్లు ఫోను చేసినా వస్తాను, వస్తాను అంటోందే గానీ రాదేమని ఆశ్చర్యపోయేవాడు. ఒక పొద్దున్న అన్నం పెడుతూ జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన కంచం పక్కకు తోసి లేచాడు. చెయ్యి ఎత్తాడు. నేను మొహం చాపి, "కొట్టు," అన్నాను.

"కొడితే నీకు తేలికైపోతాది," అని చెయ్యి దించేసి, లారీ తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

షావుకారుగారి భార్యకు స్వెట్టరు పాడైన సంగతి నిజం చెబితే వీధంతా వినేలా తిట్టి పోయింది. పడ్డాను. ఇక నా ముందు ఒక్క పనే మిగిలింది. వదినను ఇంటికి తెచ్చుకోవాలి. "తప్పయింది" అని ఫోనులో వందసార్లు అన్నాను. "సరేలే అమ్మీ" అని ఆవిడ వందసార్లు అంది. మాటలతో పని కాదని, ఆవిడ చెప్పిన జతను నా చేతులతో సరిగ్గా అల్లి పట్టుకెళ్లాలని అనుకున్నాను. రక్తం పడిన ముక్కను అప్పుడే పొయ్యిలో పడేశాను కాబట్టి చూసి అల్లడానికి ఏమీ లేదు. ఎన్ని పోగులకు ఎన్ని అన్నది కూడా ఆవేళ కోపంలో సరిగా చూసుకోలేదు. మొదటి నుంచి మొదలుపెట్టాను.

సగం సగం కలిపి అల్లితే మెత్తగా ఉంది, కానీ రుద్దితే ఉండలు వచ్చాయి. కత్తిపీట మీద పెట్టి ముక్కలుగా కోసేశాను. ఒక మేకపోగుకు మూడు గొర్రెపోగులు వేస్తే గట్టిగా వచ్చింది, కానీ మేక ఉన్నట్టే తెలియలేదు. దాన్ని పళ్లతో పట్టి చింపబోతే చిగుళ్లలోంచి రక్తం వచ్చింది గానీ అది చిరగలేదు. గొర్రెనూలు బలం ఏమిటో నాకు ఆ విధంగా తెలిసింది. రెండు గొర్రెపోగులకు ఒక మేకపోగు వేసినప్పుడు కుదిరింది. గొర్రె పీచు పొడుగు, వంకులు తిరిగి ఉంటుంది, లాగితే సాగి మళ్లీ తన చోటికి వస్తుంది. మేక పీచు దాని పక్కన పడుకుని గరుకును కప్పుతుంది. మిల్లుల్లో అయితే వడకక ముందే పీచుల్లో కలుపుతారట. మాకు పోగుల జతే గతి. రెండింటి బిగువూ ఒకేలా పట్టకపోతే అల్లిక ఒక పక్కకు లాగేస్తుంది. ఆ బిగువు చేతికి రావడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

అన్నిటికన్నా కష్టం ఉతకడం. గోరువెచ్చని నీళ్లలో కుంకుడు నురుగు వేసి, ముంచి, కదపకుండా ఉంచాలి. పిండకూడదు. తువ్వాలులో చుట్టి అరచేత్తో అదమాలి. నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టాలి. బాదడం తప్ప ఎరగని చేతులు నావి. నీళ్లు కారుతున్న ఉన్నిని మెలిపెట్టకుండా పట్టుకోవడానికి నా ముంజేతులు వణికేవి. ఆరాక అది ముందుకన్నా మెత్తబడింది. కళ్లు వరసగా, స్పష్టంగా నిలిచాయి. వదిన కొలతకు ఒక స్వెట్టరు అల్లి, సంచిలో పెట్టుకుని బస్సెక్కి, విజయనగరంలో రైలు మారి కొత్తవలస వెళ్లాను.

చెల్లెలి ఇల్లు పట్టాల పక్కనే. వదిన మెట్ల మీద కూర్చుని ఎడమచేత్తో చిక్కుళ్లు వలుస్తోంది. స్వెట్టరు ఒళ్లో పెట్టాను. ఎడమచేతి వేళ్లతో తడిమింది. చాలలేదేమో, లేచింది. రెండు చేతులా పట్టి అడ్డంగా లాగింది. నిలువునా లాగింది. మోచెయ్యి భాగాన్ని సిమెంటు మెట్టుకేసి పరపరా రుద్దింది. పదిసార్లు, ఇరవైసార్లు. కుళాయి కింద పెట్టి తడిపి, మెడ పట్టుకుని ఆడించింది. ఆ మెట్టుకేసి ఆవిడ రుద్దుతున్నది స్వెట్టరును కాదనిపించింది. రుద్దనీ అనుకున్నాను. పట్టాల మీద ఇనప ఖనిజం గూడ్సు రైలు ఒకటి పొడుగ్గా వెళ్లినంతసేపూ రుద్దింది. అప్పుడు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"రెండు గొర్రె, ఒకటి మేక," అంది. "నిలబడ్డాది. బాగా సేసినావే."

నేను భోరున ఏడ్చాను. ఆవిడ తువ్వాలు మీద స్వెట్టరు పరిచి, లోపలికి వెళ్లి నాకు టీ తెచ్చింది, తనూ ఒక గ్లాసు తెచ్చుకుంది. పక్కన కూర్చుని తమ్ముడి గురించి అడిగింది, చర్చిలో కొత్త పాస్టరు గొంతు గురించి అడిగింది. నవ్వింది కూడా. ఇంటికి రా వదినా అన్న మాట నా నాలుక చివర ఉంది. ఆవిడ వస్తానని అంటుందని కూడా అనిపించింది. రుద్దినప్పుడు లేచిన బూడిదరంగు నూగు ఆవిడ జడ దగ్గర అంటుకుని ఉంటే తీద్దామని చెయ్యి చాపాను.

నా చెయ్యి ఏదైనా వేగంగానే చేస్తుంది. వదిన చేతిలోని గ్లాసు కింద పడింది. వదిన రెండు చేతులూ చంకల్లోకి దూర్చుకుని, మొహం గోడవైపు తిప్పి, ముడుచుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. పాతపట్నంలో మా అమ్మ అలా ముడుచుకోవడం చూశాను. నేనూ అలాగే ముడుచుకునేదాన్ని.

కాసేపటికి కళ్లు తెరిచి, నా చేతిని చూసి, నాకన్నా ఎక్కువ సిగ్గుపడింది.

"నీ మీద కోపం నేదే అమ్మీ," అంది. చేతులు మాత్రం చంకల్లోంచి బయటికి తియ్యలేదు. "నిజంగా నేదు. ఈ సేతులే నా మాట ఇనవు."

ఒలికిన టీ తుడిచాను. గ్లాసు కడిగి లోపల పెట్టాను. స్వెట్టరు నీడలో ఆరాలని, పిండొద్దని చెల్లెలికి చెప్పాను. వదిన వీధి చివరి దాకా వచ్చింది, నాకు ఒక అడుగు వెనకగా నడిచింది. ఇంటికి రమ్మని నేను అడగలేదు.